బూటులో ముప్పై మూడు మాత్రలు

అందరూ డాక్టరమ్మ అంటారు గానీ ఆమె మందులు రాసే డాక్టరు కాదు. ఈ సంగతి ఆ ఫ్లాట్లలో వందసార్లు చెప్పి ఉంటుంది. వింటేనా! మోకాళ్ళ నొప్పులవాళ్ళు, దగ్గులవాళ్ళు, మనవడు తిండి తినడం లేదని గోలపెట్టేవాళ్ళు, అందరూ లిఫ్టు దగ్గరే కాపుకాసి పట్టుకుంటారు. "నేను చేసేది పరిశోధనండీ, నాకు నాడి చూడ్డం కూడా సరిగ్గా రాదు" అంటే, "పెద్ద డాక్టర్లంతా అలాగే అంటారు లెండి" అని చెయ్యి చాపుతారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అని ఆమె కూడా ఊరుకుంది.

పిల్లల ఆసుపత్రి వెనకాల రెండంతస్తుల భవనం ఉంది. అందులో పై అంతస్తులో, చిన్నపిల్లలకి వచ్చే రక్తక్యాన్సరు మీద ఆమె ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తోంది. ఆ జబ్బుకి ఇప్పుడు మంచి మందులున్నాయి. చాలామంది పిల్లలు లేచి బడికి పోతున్నారు, గోడలెక్కుతున్నారు, తల్లుల చేత తన్నులు తింటున్నారు. డాక్టరమ్మ చూపు మాత్రం మిగిలినవాళ్ళ మీదే. అందులోనూ జబ్బు తగ్గి, ఇంటికి పంపేశాక, రోజూ ఇంట్లో మింగే మాత్రలు వాడుతూ ఉన్నట్టుండి జ్వరమొచ్చి పోయిన పిల్లల మీద. వాళ్ళకి జబ్బు తిరగబెట్టలేదు. మరి ఎందుకు పోయారు?

దానికి జవాబు ఆమెకి తెలుసు. రోజూ మింగే ఆ మాత్ర చెడ్డ కణాల్ని చంపుతుంది. పని అయ్యాక ఒళ్ళు దాన్ని విరిచి బయటికి తోసెయ్యాలి. కొందరు పిల్లలకి ఆ విరిచే పని చేయించే జన్యువులో ఒక్క అక్షరం తేడాగా ఉంటుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులూ అలాంటివే వచ్చాయా, ఇక ఆ మందు బయటికి పోదు. తూము పూడుకుపోయిన సింకులో పంపు తిప్పి వదిలేసినట్టు ఒంట్లోనే నిండిపోతుంది. నిండిపోయి, ఎముకల్లోని మూలుగలో కొత్త రక్తం పుట్టకుండా చేస్తుంది. తెల్లకణాలు లేని పిల్లని చంపడానికి మామూలు జలుబు చాలు. ఇంకా దారుణమైన సంగతి ఏమిటంటే, అదే పిల్లకి అదే మాత్ర పదో వంతు ఇస్తే శుభ్రంగా బతుకుతుంది.

అందుకే మొదటి మాత్రకి ముందే ప్రతి పిల్లకీ ఆ జన్యువు పరీక్ష చెయ్యాలని ఆమె పట్టు. ఆసుపత్రి పద్ధతులు తేల్చే సంఘానికి అధ్యక్షుడైన పెద్ద డాక్టరు మంచివాడే గానీ ఆయనదీ ఉడుంపట్టు. "రక్తం చూస్తూనే ఉన్నాం కదమ్మా, కణాలు పడితే మందు తగ్గిస్తాం. ముందే ఇంకో పరీక్ష, ఇంకో కాగితం దేనికి? మన ఆసుపత్రిలో దీనివల్లే పోయిందని ఒక్క పిల్లని చూపించు, సంతకం పెడతా" అన్నాడు. పోయిన పిల్లని ఎక్కడినుంచి తెచ్చి చూపించాలి?

తెచ్చింది ఆమె. రికార్డుల గదిలో కొయ్యపెట్టెలున్నాయి. వాటిలో పాతకాలం నుంచీ పిల్లల మూలుగ చుక్క పూసి, రంగు వేసి ఆరబెట్టిన గాజు పలకలున్నాయి. జబ్బు తిరగబెట్టకుండా పోయిన పిల్లల పలకలు అరవై రెండు వేరుచేయించింది. పలక మీద నంబరే ఉంటుంది, పేరుండదు. ఏ నంబరు ఎవరిదో తెలిపే జాబితా రికార్డుల గది సొరుగులో తాళం వేసి ఉంటుంది. పరిశోధన చేసేవాళ్ళు అది చూడకూడదన్నది నియమం. ఆ ఎండిన మచ్చని బ్లేడుతో గీకి జన్యువు బయటికి తీసే పని ఆమె టెక్నీషియన్ది. అరవైకి దగ్గరపడ్డ మనిషి, భవనమంతటికీ బాబాయి.

గురువారం మధ్యాహ్నం ఆ బాబాయి కళ్ళజోడు నెత్తిమీదకి తోసుకుని వచ్చాడు.

"నక్కతోక తొక్కామమ్మా! అరవై రెండులో ఐదుగురికి రెండు ప్రతులూ తేడానే. అందులో నలభై ఒకటో నంబరు చూడండి, నా సర్వీసులో ఇలాంటిది చూళ్ళేదు."

పేరు కొట్టేసిన ఆ పిల్ల కేసు కాగితాల నకలు ఆమె ముందు పెట్టాడు. ఆరేళ్ళ పాప. దూరం నుంచి రావడం వల్ల మూడు వారాలకోసారే రక్తం చూసేవాళ్ళు. మాత్రలు మొదలెట్టగానే తెల్లకణాలు పడ్డాయి. ఆపితే లేచాయి. మళ్ళీ నిండు మోతాదు ఇస్తే పడ్డాయి. ఆ తర్వాత ఐదు వారాలు, మాత్ర రోజూ ఇస్తున్నట్టే రాసి ఉంది, కణాలు మాత్రం మామూలు పిల్లకి ఉన్నట్టే ఉన్నాయి. అక్కణ్ణించి ఒక్కసారిగా సున్నా దాకా. ఇరవై మూడో రోజున కథ ముగిసింది.

"మధ్యలో ఆ ఐదు వారాలు ఎలా లేచాయనుకున్నారు? పిల్ల మాత్రలు మింగలేదటమ్మా, దాచేసిందట!" అన్నాడు బాబాయి ఆనందం పట్టలేక. "ఇస్తే పడ్డాయి, మానేస్తే లేచాయి, మళ్ళీ ఇస్తే పడ్డాయి. మనం కావాలని ప్రయోగం చేసినా ఇంత శుభ్రంగా రాదు. ఇదిగో, డాక్టరు రాసింది చదవండి."

ఆమె చదివింది. పాత ఇంకు రాత. "ఐదు వారాలుగా పాప మాత్రలు మింగడం లేదు. పాత బూటులో దాచింది, ముప్పై మూడు. పదేళ్ళ అక్క కనిపెట్టి చెప్పింది. ఇకపై తల్లి ఎదుటే మింగిస్తామన్నారు. అక్క చురుకైన పిల్ల."

బూటు అన్నచోటే ఆమె చూపు ఆగిపోయింది. సొరుగులో జాబితా ఎందుకిక? ఆ బూటు రంగు కూడా ఆమె చెప్పగలదు.

ఆ పెట్టెల్లో తన చెల్లెలి పలక ఉంటుందని ఆమెకి తెలియదా అంటే, తెలుసు. కానీ చెల్లెలికి జబ్బు తిరగబెట్టిందనే ఇంట్లో అందరి నమ్మకం. మాత్రలు దాచింది కాబట్టి తిరగబెట్టింది, తిరగబెట్టింది కాబట్టి పోయింది. ముప్పై ఆరేళ్ళుగా ఇంట్లో ఇదే మాట. ఈ అరవై రెండూ జబ్బు తిరగబెట్టని పిల్లలవి, కాబట్టి ఇందులో తనవాళ్ళెవరూ ఉండరని ధీమాగా కూర్చుంది. కాగితం చివర స్పష్టంగా రాసి ఉంది, మూలుగలో జబ్బు లేదని. ఆ ముక్క ఆ రోజు అమ్మానాన్నలకి ఎవరూ విప్పి చెప్పలేదు.

చెల్లెల్ని ఇంట్లో బొంగరం అనేవాళ్ళు. ఒకచోట నిలిచేది కాదు. మాత్రలు మొదలయ్యాక ఆ బొంగరం తిరగడం ఆపేసింది. నోటినిండా పుళ్ళు, మెట్టెక్కితే ఆయాసం. ఉన్నట్టుండి ఒక నెలలో మళ్ళీ తిరగడం మొదలెట్టింది. మంచాల మీద దూకడం, రెండోసారి పెట్టించుకుని తినడం. ఇల్లంతా పండగ చేసుకుంది. అప్పుడే ఒకరోజు అక్క వానబూట్ల కోసం మంచం కింద వెతుకుతుంటే, చెల్లెలికి చిన్నదైపోయిన ఎర్రబూటు చేతికి తగిలింది. ఊపితే గలగలలాడింది. కుమ్మరించి లెక్కపెట్టింది. ముప్పై మూడు. ఐదు వారాల మాత్రల్లో మిగిలిన రెండూ నాన్న ఎదురుగా ఉండి మింగించినవి.

"అక్కా, చెప్పకే. అవి మింగితే నా కాళ్ళు నా మాట వినవే. ఒట్టెయ్యి."

వేసింది. పాపం, అక్క నోటి సంగతి తెలిసి కూడా ఆ పిచ్చిది ఒట్టు వేయించుకుంది. ఇంట్లో రోజుకి పదిసార్లు అమ్మ అనేది, "దీని నోట్లో నువ్వుగింజ నానదు" అని. అయినా రెండు రోజులు ఆపుకుంది. మూడో రోజు ఆసుపత్రికి అందరూ వెళ్ళారు. డాక్టరు రక్తం కాగితం చూసి, "శభాష్, మాత్రలన్నీ చక్కగా మింగుతున్నావే, బంగారుతల్లివి" అని చెల్లెల్ని ఎత్తి కుర్చీలో నిలబెట్టాడు. నాన్న మురిసిపోయాడు. ఏడాదిగా ఇంట్లో ఎవరూ ముఖం చూడని పెద్దపిల్ల గోడ పక్కన నిలబడి అంతా చూసింది. ఎంత అన్యాయం! మింగనిదానికి శభాష్ ఏమిటి? నోరు జారిపోయింది.

"అది మింగట్లేదు. బూటులో దాస్తోంది. ముప్పై మూడు ఉన్నాయి, నేను లెక్కపెట్టాను."

ఆ డాక్టరు ముఖం తెల్లబోయింది. తర్వాత పెద్దపిల్ల తల నిమిరి, "చెల్లెల్ని కాపాడావమ్మా. నువ్వు పెద్దయ్యాక డాక్టరువి కావాలి" అన్నాడు. కాస్త ఆగి ఆలోచించి ఉంటే, మాత్ర లేకుండానే పిల్ల ఇంత బాగా ఎలా ఉందని అడిగి ఉంటే! అడగలేదు. ఆ కాలానికి ఆ జన్యువు సంగతి ఎవరికీ తెలియదు కూడా, ఆయన్ని అని ఏం లాభం.

మర్నాటినుంచి అమ్మ ముక్కు మూసి మాత్ర వేసేది. పక్కన నీళ్ళ గ్లాసు పట్టుకుని అక్క నిలబడేది. మింగాక క్యాలెండరు మీద టిక్కు పెట్టేది కూడా తనే. చెల్లెలు రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజుకి కోపం మర్చిపోయి, కథ చెప్పమని పక్కలో దూరింది. ఇరవై మూడు టిక్కులు పడ్డాయి.

"ఏంటమ్మా, అలా ఉండిపోయారు? సోమవారం సంఘం ముందు ఈ ఒక్క కాగితం పెడితే చాలు" అన్నాడు బాబాయి. "చిక్కల్లా ఒక్కటే. ఇలా ఒక్క పిల్ల సంగతి విడిగా చూపించాలంటే కుటుంబం సంతకం కావాలి. ముప్పై ఆరేళ్ళయింది, వాళ్ళెక్కడున్నారో ఏమో."

"నేను కనుక్కుంటాలే బాబాయ్" అంది డాక్టరమ్మ.

శుక్రవారం, శనివారం ఆ సంతకం కాగితం చేతిసంచిలోనే తిరిగింది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోయేది. అమ్మ ఆమెతోనే ఉంటుంది. డెబ్భై దాటినా కిటికీ పక్కన కుట్టుమిషను వేసుకుని, ఫ్లాట్లలో అందరి జిప్పులూ బొత్తాలూ బాగుచేస్తుంది. ఆ పెద్దామెకి ఇప్పుడేమని చెప్పాలి? మందు మానేసినందుకు కాదమ్మా, నువ్వు మింగించినందుకే పోయిందని చెప్పాలా? అదీ, నేను చెప్పినందుకే నువ్వు మింగించావని? ఊరుకుంటే కాగితం లేదు. కాగితం లేకపోతే పరీక్ష లేదు. పోయిన నెలలో కొత్తగా చేరిన పిల్లలే ఏడుగురు. వాళ్ళలో ఏ తల్లి ఏ పిల్ల ముక్కు మూస్తోందో!

ఆదివారం పొద్దున అమ్మే కదిపింది. "ఏంటే, మూడు రోజుల్నుంచి ముఖం మాడ్చుకుని తిరుగుతున్నావు? మళ్ళీ కాదన్నాడా మీ పెద్ద డాక్టరు?"

"అమ్మా, చెల్లెలి కాగితాలు దొరికాయి."

మిషను ఆగిపోయింది. "బొంగరానివా?"

"ఊఁ."

అమ్మ సూది కింద గుడ్డని ఊరికే అటూ ఇటూ సవరించింది. "అయితే నేనొకటి చెప్పాలి. నువ్వు ఎక్కడో చదివి తెలుసుకునే కన్నా నా నోటితో వినడమే మంచిది. ఆ మాత్రల సంగతి నీకంటే ముందే నాకు తెలుసే."

డాక్టరమ్మకి అర్థంకాలేదు.

"రెండో వారంలోనే తెలిసింది. ఊడుస్తుంటే బూటు గలగలమంది. తీసి చూశాను. మళ్ళీ అక్కడే పెట్టేశాను. అది తింటోందే! నవ్వుతోందే! ఇంకొక్క వారం చూద్దాం, ఇంకొక్క వారం అనుకున్నాను. నువ్వు అక్కడ డాక్టరుకి చెప్పినప్పుడు నాకు పైప్రాణాలు పైనే పోయాయి. నీకున్న తెలివి కన్నతల్లికి లేకపోయింది. నేను నోరు మూసుకున్న ఆ వారాల్లోనే జబ్బు తిరగబెట్టింది. మీ నాన్న పోయేదాకా కూడా చెప్పలేదు. నా బిడ్డని నేనే చంపుకున్నాను."

ముప్పై ఆరేళ్ళు! ఒకే ఇంట్లో, ఒకే గిన్నెలో వండుకు తింటూ, ఇంత బరువు గుండెల్లో పెట్టుకుని ఆమె ఊరివాళ్ళ బొత్తాలు కుట్టింది. డాక్టరమ్మ ఏడుపు ఆపుకోలేకపోయింది. తల్లి కాళ్ళ దగ్గర కింద కూర్చుంది. ఇక చెప్పకుండా ఉండటం ఎలా? ఒక్కమాటతో తల్లి బరువు దింపెయ్యొచ్చు. ఆ మాట తర్వాత ఆ బరువు ఎవరి మీద పడుతుందో కూడా తెలుసు. చెప్పింది. జన్యువు, అక్షరం, రెండు ప్రతులు, పూడిన తూము, అన్నీ చెప్పింది. "జబ్బు తిరగబెట్టలేదమ్మా. నువ్వు ఊరుకున్న ఆ వారాలే దాన్ని బతికించాయి. నువ్వు చేసిందే సరి."

అమ్మ ముఖం ఒక్కసారి విప్పారింది. "నిజమా? నేను కాదా?" అంది, చిన్నపిల్లలా. ఆ వెంటనే కూతురి ముఖం చూసింది. చూసి లెక్క కట్టుకుంది. విప్పారిన ముఖం అలాగే ముడుచుకుపోయింది.

"రెండు ప్రతులన్నావు. ఒకటి నాదేగా?"

"ఒకటి నీది, ఒకటి నాన్నది."

"ఆయన లేడు. మిగిలింది నేను. అయితే నాదే."

"అది తప్పు కాదమ్మా, ఎవరి చేతిలోనూ..."

"నువ్వుండు! ముక్కు మూసి నోట్లో వేసింది ఎవరు? నీ చేతులా, నా చేతులా?"

"గ్లాసు నేనే పట్టుకున్నానమ్మా."

"పదేళ్ళ పిల్లవే నువ్వు!" అని అమ్మ అరిచింది. అరిచి, కూతురి తల రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. "నాదేనే. అప్పుడూ నాదే, ఇప్పుడూ నాదే. నాకు మోయడం అలవాటైపోయింది. నువ్వు దాని జోలికి రాకు."

కాసేపటికి ముక్కు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, కాగితం అడిగి తీసుకుంది. సంతకం పెట్టింది. కాగితం ఇస్తూ చెయ్యి వదల్లేదు. "ఆ అక్క ఎవరో అక్కడ చెప్పకు. నిన్ను చూసినప్పుడల్లా వాళ్ళకి అదే గుర్తొస్తుంది. ఒట్టెయ్యి."

"ఒట్టమ్మా" అంది డాక్టరమ్మ.

సోమవారం సంఘంలో తొమ్మిదిమంది కూర్చున్నారు. సంతకం కాగితం రికార్డుల గదికి పంపి, పేరు కనిపించకుండా నలభై ఒకటో నంబరు తెల్లకణాల గీత తెరమీద వేశారు. పెద్ద డాక్టరు ముందుకు వంగి చాలాసేపు చూశాడు. "గీత బాగానే ఉంది. కానీ ఇదంతా ఆ పిల్ల మాత్రలు మింగలేదన్న ఒక్క మాట మీద నిలబడి ఉంది. చూసిందెవరు? పదేళ్ళ పిల్ల. ముప్పై మూడో, మూడో! పిల్లల మాట పట్టుకుని ఆసుపత్రి పద్ధతి మారుస్తామా?"

బాబాయి బల్ల కింద చేతులు నలుపుకుంటున్నాడు. డాక్టరమ్మ లేచి నిలబడింది.

"ముప్పై మూడే సార్. నేనే లెక్కపెట్టాను" అంది. "ఆ అక్కని నేనే."

పెద్ద డాక్టరు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. మళ్ళీ పెట్టుకుని, తీర్మానం కాగితం దగ్గరికి లాక్కుని సంతకం చేశాడు. మిగతావాళ్ళూ చేశారు. మర్నాటినుంచి ఆ ఆసుపత్రిలో ఏ పిల్లా పరీక్ష లేకుండా మొదటి మాత్ర మింగదు. బాబాయి ఆమెని గేటు దాకా దిగబెట్టాడు.

ఇంటికి వచ్చేసరికి అమ్మ తలుపు తీసే నిలబడి ఉంది. "ఒప్పుకున్నారా?"

"ఒప్పుకున్నారు."

"ఆ అక్క ఎవరని అడిగారా?"

ఆమె చెప్పులు విడుస్తూ ఉండిపోయింది.

"చెప్పేశావా?" అంది అమ్మ. "ఒట్టేసి కూడా చెప్పేశావా? ఛీ, నీ నోట్లో నువ్వుగింజ నానదు కదే!"

అనేసి అమ్మ ఠక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎర్రబూటు ఖాళీ అయిన రోజునుంచి ఆ ఇంట్లో ఎవరూ ఆ మాట అనలేదు. ఇద్దరూ గుమ్మంలోనే నిలబడ్డారు. మంచాల మీద దూకుతూ, అక్క మీద అమ్మ ఆ మాట అన్నప్పుడల్లా పకపకా నవ్వేది చెల్లెలొక్కతే. డాక్టరమ్మ పదేళ్ళ పిల్లలా తల్లి భుజం మీద తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చింది.

"అనమ్మా" అంది. "ఇంకోసారి అను."